జెస్సమ్మ దిగేదాకా

ఆ శుక్రవారం పొద్దున కూర్మయ్య పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీయించుకోవాలి. మర్నాటి సభకి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి టీవీ ముందు కూర్చోవాలి. మొదటి రెండూ పది గంటలకల్లా అయిపోయాయి. మూడోదాని వల్ల కలకత్తా డాక్‌లో పనంతా ఆగిపోతుందనీ, వాట్‌గంజ్ రోడ్డు మీద ట్రాములు నిలిచిపోతాయనీ, పెద్ద సాహెబు మూడంతస్తుల మెట్లు ఎక్కాల్సి వస్తుందనీ అప్పుడెవరైనా చెప్పినా ఆయన "ఊఁ" అనే అనేవాడు. దేనికైనా ఆయన జవాబు అదే.

కూర్మయ్య డాక్‌లో సిగ్నల్ మనిషి. క్రేను నడిపేవాడు ఎక్కడో ఎత్తున గాజుగదిలో కూర్చుంటాడు. ఓడ పొట్టలో ఏముందో వాడికి కనబడదు, ఆ మోతలో కింది కేక వినబడదు. డెక్కు మీద నిలబడి ఎత్తు, దించు, కుడికి, ఎడమకి అని చేతులతో చెప్పేవాడే వాడికి కళ్ళూ చెవులూ. ముప్పై నాలుగేళ్ళు ఆ పని చేసేసరికి కూర్మయ్య మాటలన్నీ నోట్లోంచి చేతుల్లోకి దిగిపోయాయి. కూరలో ఉప్పు తక్కువైతే బొటనవేలూ చూపుడువేలూ రాసి చూపిస్తాడు. దాలమ్మ ఉప్పు అందిస్తుంది. పెళ్ళయిన కొత్తలో మొగుడు మూగవాడేమోనని ఆవిడ నాలుగు రోజులు ఏడ్చిందట. ఇప్పుడు ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది.

కాగితం మీద ఎక్కడా లేని కట్టుబాటు ఒకటి ఆ డాక్‌లో ఉంది. ఎత్తిన పిడికిలి అంటే ఆపు. అది ఎవరు పట్టినా క్రేను ఆగాలి. సిగ్నల్ మనిషే కానక్కర్లేదు, టీ అమ్ముకునేవాడు పట్టినా ఆగాలి. కానీ ఎవరు పట్టారో వాళ్ళే విప్పాలి. ఇంకొకరు విప్పడానికి లేదు. ఏం చూసి పట్టాడో పట్టినవాడికే కదా తెలిసేది.

మర్నాడు కూర్మయ్యకి ఆఖరి రోజు. గేటు దగ్గర సభ పెట్టి, ముప్పై నాలుగేళ్ళలో ఈయన చెయ్యి ఒక్కసారి కూడా తప్పు సైగ చెయ్యలేదని పెద్ద సాహెబు అచ్చుకాగితం ఇస్తాడు. ఆ డాక్‌లో అలాంటి కాగితం అంతకు ముందు ఒక్కరికే వచ్చింది. మూడో తరగతితో బడి మానేసిన కూర్మయ్యకి తన పేరు అచ్చులో చూసుకునే అవకాశం మళ్ళీ రాదు. వారం కిందటే గోడకి మేకు కొట్టి ఉంచుకున్నాడు. పొద్దున లేవగానే ఆ మేకు ఊడిందేమో కదిపి చూసి కాని మొహం కడుక్కోవడం లేదు.

అలాంటి మనిషి ఆఖరి రోజుకి ముందురోజు సెలవు పెట్టాడంటే డాక్ పనివాళ్ళుండే క్వార్టర్ల లైన్లలో ఎవరూ నమ్మలేదు. పాటలు పాడే పిల్ల కోసమంటే అసలు నమ్మలేదు. ఆ పిల్ల పేరు జెస్సీ. బొంబాయి పిల్ల. మంగలి దుకాణంలో టీవీలో ఒకసారి చూశాడు. సగం గడ్డం నురగతో ఉండగా లేచి నిలబడిపోయాడు. పాట ఏ భాషో ఆయనకి తెలియదు. కానీ ఆ చేతులు తెలుసు. తక్కిన పాటగత్తెల చేతులు ఊరికే ఊగుతాయి. ఈ పిల్ల చెయ్యి చాచి వేళ్ళు ఆడిస్తే నెమ్మదిగా దించమన్నట్టుంటుంది, మోచెయ్యి మడిచి తిప్పితే ఎడమకి తెమ్మన్నట్టుంటుంది. ఒక్క సైగ వృథా పోదు. అప్పటినుంచీ జెస్సీ పాటుంటే కూర్మయ్య ఎక్కడున్నా ఆగిపోతాడు. ఆ జెస్సీ బొంబాయిలో చేసిన పెద్ద ప్రదర్శన మూడింటికి టీవీలో వేస్తున్నారు.

"అరవయ్యేళ్ళొచ్చినాయి, జెస్సమ్మ కావాలంట," అంది దాలమ్మ పక్కింటి మల్లేశుతో. "నానేదైనా సెప్తే సెవిన పడదు. ఆ గుంట సెయ్యూపితే మాత్రం బుర్రూపుతాడు."

"నువ్వూ సెయ్యూపి సూడు పిన్నీ," అన్నాడు మల్లేశు.

"ఊపినాను. కందిపప్పు తెచ్చినాడు."

లైన్లలో రంగుల టీవీ కూర్మయ్య ఇంట్లోనే ఉంది. ఉన్నది ఒక్క గది. జనం ముప్పై మంది. అందుకని టీవీని మూడో అంతస్తు వరండాలోకి తెచ్చారు. పడమటి ఎండ తెర మీద పడకుండా దాని వీపుని పిట్టగోడకి ఆనించారు. పిట్టగోడ అవతల వంద గజాల్లో డాక్ గోడ, గోడ అవతల ఎనిమిదో నంబరు క్రేను. అంటే టీవీ చూసేవాళ్ళందరూ డాక్ వైపు మొహం పెట్టి కూర్చున్నారన్నమాట. అందులో తప్పేమీ ఎవరికీ కనబడలేదు.

ఆ క్రేను గాజుగదిలో ఉన్నవాడు బైరాగి, దాలమ్మ తమ్ముడు. వాడికీ జెస్సీ అంటే ఇష్టమే, కానీ సెలవు దొరకలేదు. టీవీ వీపు తప్ప వాడికేమీ కనబడదు కనక, బావ మొహం చూసి పాట ఎలా ఉందో తెలుసుకుందామని పని మధ్యలో వరండా వైపు చూస్తున్నాడు. ఇదంతా తర్వాత వాడే చెప్పాడు.

మూడింటికి తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు. మల్లేశు మేడెక్కి యాంటెన్నా తిప్పాడు. "వచ్చినాదా?" అని పైనుంచి వంగి అడిగాడు. కూర్మయ్య కూర్చున్నచోటే చెయ్యెత్తి, కుడికి కొంచెం అని చూపించాడు. మల్లేశు యాంటెన్నా తిప్పాడు. వంద గజాల అవతల ఎనిమిదో నంబరు క్రేను చెయ్యి కూడా కుడికి కొంచెం తిరిగింది. కూర్మయ్య వేళ్ళు ఆడించి, నెమ్మదిగా అని చూపించాడు. క్రేను నెమ్మదించింది. ఓడ మీద నిలబడ్డ కొత్త సిగ్నల్ మనిషి తన చేతులకేసి తనే చూసుకుని, తనకి పని పట్టుబడుతోందని సంతోషించాడట.

బొమ్మ వచ్చింది. వరండా నోరు మూసుకుంది.

అలాంటిది కూర్మయ్య కలలో కూడా చూడలేదు. ఆ వేదిక ఓడ డెక్కంత ఉంది. అంచుల్లోంచి నిప్పు లేచింది. దాలమ్మ "అగ్గంటుకున్నాది, ఎవులూ నీల్లొయ్యరేటి," అని లేచి నిలబడి, ఎవరూ పొయ్యకపోయేసరికి కూర్చుంది. ఆ తర్వాత పొగ. ఓడ పొట్టలో సల్ఫరు బస్తా పగిలినట్టు పసుప్పచ్చటి పొగ. ఆ పొగలోంచి నలభై మంది ఒకేసారి నేలమీద పడ్డారు. చచ్చిపోయారనుకున్నారు వరండాలో. వాళ్ళు లేచి నాట్యం చేశారు. జనం ఎంతమందో లెక్క లేదు. ఏడ్చే ఆడపిల్లలు, చొక్కాలు విప్పి తిప్పే కుర్రాళ్ళు. డాక్‌లో ఇలా పొగా నిప్పూ లేస్తే సైరను వేసి అందరినీ బయటికి తోలుతారు. ఇక్కడ టిక్కెట్టు కొని లోపలికి వచ్చారు. కూర్మయ్య రెప్ప వెయ్యలేదు.

అప్పుడు జెస్సీ వచ్చింది. వీపున తెల్లటి రెక్కలు. రెండు సన్నటి తీగలు. నేలని ఒక్క తన్ను తన్ని గాలిలోకి లేచింది.

వరండాలో ఆడవాళ్ళు గుండెల మీద చేతులేసుకున్నారు. కూర్మయ్య మాత్రం రెక్కల్ని చూడలేదు. తీగలు రెండు, కొక్కేలు రెండు అని చూశాడు. కుడి భుజం దగ్గర కొక్కేనికి పిన్ను నిండా దిగి ఉంది. ఎడమ భుజం దగ్గర సగమే దిగింది. కెమెరా దగ్గరికెళ్ళింది. సగమే. పిల్ల ఇరవై అడుగుల ఎత్తున ఉంది, ఇంకా లేస్తోంది, పాడుతూనే ఉంది.

కూర్మయ్య లేచి నిలబడ్డాడు. చెయ్యి నిటారుగా పైకెత్తి పిడికిలి బిగించాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో సబ్బు ప్రకటన వచ్చింది.

"కూకో," అంది దాలమ్మ. "సబ్బుకేటి సెయ్యెత్తుతావు."

కూర్మయ్య కూర్చోలేదు. సబ్బు పోయి టీపొడి వచ్చింది, టీపొడి పోయి సైకిలు వచ్చింది. పిడికిలి అలాగే ఉంది. బరువు నేలకి దిగకుండా పిడికిలి విప్పడం ఆయన చేతికి తెలియదు.

వంద గజాల అవతల బైరాగి బావ పిడికిలి చూశాడు. ముప్పై నాలుగేళ్ళలో బావ ఊరికే ఆ చెయ్యెత్తలేదు. వెంటనే బ్రేకు వేశాడు. కొక్కేనికి లారీ అంత కొయ్యపెట్టె వేలాడుతోంది. జెట్టీలోకి లారీలు వచ్చే ఒక్కగానొక్క దారి మీద, సరిగ్గా తలల మీద అది ఆగిపోయింది. కింద లారీ డ్రైవర్లు హారన్లు కొట్టారు. బైరాగి కిటికీలోంచి తల బయటపెట్టి తనూ పిడికిలి చూపించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆ డాక్‌లో యూనియన్లు రెండు. రెండింటి జెండా ఎరుపే. మీదున్న అక్షరాలు వేరు. ఒకదానికి నాయకుడు మన తెలుగు సత్యారావు, రెండోదానికి బెంగాలీ పాల్‌దా. క్యాంటీనులో టీ తాగుతున్న సత్యారావుకి ఎనిమిదో నంబరు ఆగిందని తెలిసింది. పాల్‌దా తనకి చెప్పకుండా మెరుపు సమ్మె మొదలెట్టాడనుకున్నాడు. వెనకబడితే పరువేం కావాలని టీ సగంలో వదిలి, తన చేతిలో ఉన్న మూడు క్రేన్లు ఆపించాడు. నాలుగు క్రేన్లు ఆగడం చూసిన పాల్‌దా, సత్యారావు తనకి చెప్పకుండా సమ్మె మొదలెట్టాడనుకున్నాడు. తన చేతిలో ఉన్న ఆరూ ఆపించాడు. సబ్‌స్టేషనులో కరెంటు వాళ్ళు పాల్‌దా మనుషులు. సంఘీభావంగా మీట దించారు. లైన్ల క్వార్టర్లకి కరెంటు అదే మీట మీద ఉంది.

టీవీలో సైకిలు ఆరిపోయింది. వరండా అంతా ఉసూరుమంది.

"పోయినాది," అన్నాడు మల్లేశు మేడ దిగి వస్తూ. "ఇంక రాదు. డాక్‌లో సమ్మంట. సెయ్యి దించు బాబాయ్."

కూర్మయ్య తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నోరు విప్పాడు. "గుంట పైనే ఉంది."

ఆ ఒక్క మాటకే సగం మంది కంగారు పడ్డారు. ఆయన మాట్లాడాడంటే అది చిన్న సంగతి కాదు.

"బాబాయ్, అది ఇయ్యేలది కాదు," అన్నాడు మల్లేశు. "దీపావళికి బొంబాయిలో ఆడినారు. టేపు ఇప్పుడేస్తన్నారు. ఎప్పుడో దిగిపోయుంటాది."

"దిగడం సూసినావా?"

"నేదు."

"మరి."

దాలమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో, దీపావళి నించీ ఏలాడతన్నాదేటి ఆ గుంట?"

ఈలోగా డాక్ లోపలికి పోలేని లారీలు రోడ్డు మీద బారు కట్టాయి. వాటి వెనక బస్సులు, బస్సుల వెనక ట్రాములు. సమ్మె ఎందుకో తెలియని వాళ్ళు తెలిసినవాళ్ళని అడిగారు, తెలిసినవాళ్ళు పక్కవాళ్ళని చూపించారు. పెద్ద సాహెబు లాహిరీ బాబు జీపు దిగి ఇద్దరు నాయకుల్నీ పిలిచి, మీ డిమాండ్లేమిటని అడిగాడు.

"ముందు వాళ్ళు చెప్పాలి," అన్నాడు సత్యారావు.

"మొదలెట్టినవాళ్ళే చెప్పాలి," అన్నాడు పాల్‌దా.

ఇద్దరిలో ఎవరూ మొదలెట్టలేదని తేలింది. అప్పుడు ముగ్గురూ తలెత్తి బైరాగిని అడిగారు. బైరాగి చెయ్యి చాపి వరండా వైపు చూపించాడు. మూడో అంతస్తులో, ఎండలో, ఒక ముసలాయన పిడికిలి ఎత్తి నిలబడి ఉన్నాడు.

సాహెబు మెట్లెక్కి వచ్చేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. "కూర్మోదా, ఏమైంది?" అన్నాడు బెంగాలీలో, అన్నా అని పిలిచినట్టు. "ఏం చూశావు? వైరు తెగిందా?"

"పిన్ను," అన్నాడు కూర్మయ్య. "సగమే దిగింది."

సాహెబు మొహం పాలిపోయింది. "ఎనిమిదో నంబరు క్రేనుకా?"

"కాదు. జెస్సీకి."

సాహెబు దాలమ్మ వైపు చూశాడు. దాలమ్మ మొత్తం చెప్పింది. నిప్పు, పొగ, చచ్చి లేచిన నలభై మంది, రెక్కలు, సబ్బు. సాహెబు వింటున్నంతసేపూ పిట్టగోడ పట్టుకునే ఉన్నాడు. ఆయన వెనక నిలబడ్డ నాయకులిద్దరి మొహాలూ నెత్తురు చుక్క లేకుండా అయిపోయాయి. పది క్రేన్లు, రెండు మైళ్ళ ట్రాములు, రెండు యూనియన్ల పరువు. దేనికి ఆగాయో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో ఎవరూ దాన్ని బయట చెప్పలేరు.

"చెయ్యి దించేయి కూర్మోదా," అన్నాడు సాహెబు మెల్లగా. "పెట్టె దించితేనే దారి. దారి ఇస్తేనే లారీలు కదిలేది."

"గుంట దిగాలి."

"టీవీ రాదు కదా, కరెంటు లేదు."

"సమ్మె తేలందే కరెంటు రాదు," అన్నాడు పాల్‌దా అలవాటు కొద్దీ. సాహెబు చూసిన చూపుకి మిగతాది మింగేశాడు.

"నాను పట్టుకుంటాను బాబాయ్ నీ బదులు," అని మల్లేశు పిడికిలి ఎత్తి పక్కన నిలబడ్డాడు. కూర్మయ్య వాడి వైపు చూడను కూడా చూడలేదు. సైగకి బదిలీ లేదు.

సాహెబు గొంతు మారింది. "రేపు నీ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క తప్పు సైగ లేదని రాసి ఉంది దాని మీద. ఇప్పుడు నువ్వు చేసింది ఏ సైగ? నువ్వే చెప్పు."

కూర్మయ్య కళ్ళు తలుపులోంచి గదిలోకి వెళ్ళి, గోడనున్న మేకు దగ్గర ఆగాయి. ఎత్తిన మోచెయ్యి ఒక్క అంగుళం కిందికి వంగింది. దాలమ్మ చూసింది. ఆవిడ లేచి వచ్చి, మొగుడి మోచేతి కింద తన అరచెయ్యి ఆనించి నిలబడింది.

"సాయేబు బాబూ," అంది. "మా ఇంటాయన కల్లు తప్పు సూడవు. మీ ఇంట్లో టీవీ ఉంది కదేటి? మీ కాడ కరెంటుంది కదేటి? ఆ గుంట దిగినాదో నేదో మీవోల్లని అడగండి."

అంత సులువైన మాట సాహెబుకి అంతవరకు తోచలేదు. ఆయన కూతురు కాలేజీ ఎగ్గొట్టి ఆ ప్రదర్శన కోసమే అలీపూర్ ఇంట్లో కూర్చుంది. దాని మీద పొద్దున ఇంట్లో గొడవ కూడా అయింది.

ఫోను గేటు దగ్గర టైమ్ ఆఫీసులో ఉంది. కూర్మయ్య పిడికిలి దించకుండానే మెట్లు దిగాడు. దాలమ్మ మోచెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది. పిడికిలి ఎత్తిన ముసలాయన, ఆయన వెనక పెద్ద సాహెబు, ఆయన వెనక ఇద్దరు నాయకులు రోడ్డు మీదికి వచ్చేసరికి, కలకత్తాలో అలాంటి వరుస వెనక నడవకుండా ఎవరుంటారు? గేటు చేరేసరికి మూడొందల మంది అయ్యారు. కొందరు నినాదాలు కూడా అందుకున్నారు. దేని గురించో తెలియక చివరి మాట దగ్గర ఆగిపోతున్నారు.

సాహెబు నంబరు తిప్పి, కూతురితో ఏదో గొణిగి, ఫోను కూర్మయ్య చెవికి ఆనించాడు. కూర్మయ్య అంత బెంగాలీ ఒకేసారి మాట్లాడటం డాక్‌లో ఎవరూ వినలేదు.

"అమ్మా. పొగ తరవాత. రెక్కలు. దిగిందా?"

అవతల అమ్మాయి గొంతు, సొంత తాతని పిలిచినట్టు, ఉత్సాహంతో గదంతా వినబడింది. "మీరూ జెస్సీని చూస్తారా దాదూ? మా ఇంట్లో ఎవరూ చూడరు. ఏమైందో తెలుసా, నా ప్రాణం పోయింది. సగం పైకెళ్ళాక ఆగిపోయింది. నల్లచొక్కా మనిషి ఒకడు వేదిక అంచులోంచి పరిగెత్తుకొచ్చి చెయ్యెత్తాడు. పాట ఆపేశారు. ఆమెని కిందికి దింపారు."

"చెయ్యెత్తి?"

"పిడికిలి పట్టాడు దాదూ. ఆమె వెనక్కెళ్ళి ఏదో బిగించాడు."

"ఎడం భుజం దగ్గిరా?"

"మీకెలా తెలుసు?"

కూర్మయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ చూడని ఆ నల్లచొక్కా మనిషి తన పక్కనే నిలబడ్డట్టనిపించింది. "మళ్ళీ ఎత్తాక పాడిందా?"

"రెండు పాటలు. ఇంకా పాడుతోంది. వినండి," అని ఆ అమ్మాయి ఫోను టీవీ దగ్గర పెట్టింది. కూర్మయ్య ఒక చరణం విన్నాడు. తర్వాత పిడికిలి విప్పబోయాడు. వేళ్ళు కొయ్యబారి రాలేదు. దాలమ్మ ఒక్కొక్క వేలూ పట్టి విప్పింది.

పాల్‌దా కబురు పంపితే మీట లేచింది. కూర్మయ్య గేటు బయటికొచ్చి, డాక్ వైపు తిరిగి, అరచెయ్యి చాచి వేళ్ళు ఆడించాడు. కొయ్యపెట్టె పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టు నేల మీదికి దిగింది.

ఆ సాయంత్రం రాజీ కాగితం రాసుకున్నారు. ఏదో ఒక డిమాండు లేకుండా రాజీ కుదరదు కనక, క్యాంటీను టీలో పాలు పెంచడానికీ, గాజుగదులకి ఎండ తెరలు వెయ్యడానికీ సాహెబు ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నా రానివి అవి. పని ఆగడానికి కారణం అన్న గడి దగ్గర మాత్రం ముగ్గురి కలాలూ ఆగాయి. చివరికి 'భద్రతా కారణాలు' అని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు.

మర్నాడు సభలో కూర్మయ్యకి రెండు యూనియన్లూ దండలు వేశాయి. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క తప్పు సైగ లేదని సాహెబు కాగితం చదివి, చేతిలో పెట్టి, కళ్ళలోకి చూడకుండా కూర్చున్నాడు. కూర్మయ్య మైకు దగ్గరికెళ్ళాడు. జీవితంలో మొదటిసారి.

"నిన్న ఆపింది ఆ యూనియను కాదు," అన్నాడు.

ఆయన చెప్పదలుచుకుంది ఇంకా ఉంది. కానీ రెండు వైపులనుంచీ ఒకేసారి చప్పట్లు మొదలయ్యాయి. ఆ మాట రెండోవాళ్ళ గురించేనని రెండు వైపులవాళ్ళూ అనుకున్నారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. కూర్మయ్య కొంచెంసేపు చూసి, "ఊఁ" అని దిగిపోయాడు.

కాగితం మేకుకి ఎక్కింది. సోమవారం క్వార్టర్ల మెట్ల దగ్గర మూడు భాషల్లో నోటీసు అంటించారు: పడమటి వరండాలో, డాక్ వైపు మొహం పెట్టి టీవీ చూడరాదు. కూర్మయ్య తన మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివి, సబబుగానే ఉందనుకున్నాడు. వచ్చే ఆదివారం జెస్సీ పాటలున్నాయని తెలిసి, మల్లేశూ తనూ కలిసి టీవీని తూర్పు వరండాలోకి మార్చారు.

తూర్పు వరండా ఎదురుగా ఓడలు వచ్చినప్పుడు లేచే రోడ్డు వంతెన ఉంది. దాన్ని ఎత్తే కొండయ్య పని నేర్చుకున్నది కూర్మయ్య చేతి కిందే.